మధ్యలో ఎంత?

ఆటోనగర్ నుంచి నాగుల్‌మీరా
థమ్సప్ సీసాలో నూనె తెచ్చాడు,
మూత ఊడకుండా గుడ్డపీలిక చుట్టి,
మే నెల బెజవాడ ఎండలో నడిచి.

"గుంటూరులో కారం మిల్లమ్మా.
ఆర్నెల్లలో మూడు బేరింగులు నమిలేసింది.
ఓనరు నా బిగింపునంటాడు,
నేను నూనెనంటాను.
నీ మిషనేమంటుందో చూడు."

ఆయన చేతిలో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు.
మొన బేరింగు మీద, పిడి చెవివెనక ఎముక మీద.
ముప్పై ఏళ్ల డాక్టరీ.
బాగున్నది, సన్నసెగ మీద మూతపెట్టిన అన్నంలా ఉంటుందట.
పాడైంది, ఇసకలో చెప్పులేసుకుని నడిచినట్టు.

నా మిషను చెవిటిది. దానికి కన్నొక్కటే.
పైన తిరిగే గాజుబిళ్ళ,
కింద గోలీకాయంత ఉక్కుగుండు,
మధ్యలో ఆయన నూనె.

గుండు గాజుని నొక్కినచోట రెండూ కాస్త లొంగుతాయి.
ఉక్కయినా సరే.
గసగసాల గింజలో మూడోవంతు మచ్చ అది.
బొటనవేలి గోరు మీద లోడు లారీ ఎక్కినంత ఒత్తిడి.
అక్కడ నూనె నూనెలా ఉండదు,
మైనంలా బిగుసుకుని
అవతలి గట్టుకి చేరాక
ఏమీ ఎరగనట్టు మళ్ళీ జారుతుంది.

మోటారు ఆపి చూస్తే మధ్యలో నల్లమచ్చ.
నూనె పక్కకి తప్పుకుంది,
లోహం గాజుని ముట్టుకుంది.
తిప్పితేనే వస్తుంది పొర.
ఎవరో లోపల పరిచింది కాదు,
పరుగు పుట్టించుకున్నది.

నెమ్మదిగా వేగం పెంచాను.
బూడిద. గడ్డిపసుపు. వంకాయ రంగు.
"నువ్వు చూడు" అన్నాను.
ఆయన కళ్ళజోడు నుదుటికి నెట్టి వంగాడు.
చాలాసేపు మాట్లాడలేదు.
"ఇది వానపడ్డాక మా షెడ్డు ముందు గుంటలో ఉండేదేగా!"
అదే.
ముప్పై ఏళ్లు దాని మీంచి దాటుకుంటూ పోయాడు.

ఏ రంగుకెంత మందమో గోడమీద పట్టీ ఉంది.
మా ల్యాబు నూనె ఇదే వేగానికి నెమలినీలం దాటి పచ్చకెక్కింది.
ఆయనది వంకాయ రంగు దగ్గర చతికిలబడింది.
నూట తొంభై నానోమీటర్లు.
వెంట్రుకని నిలువునా మూడొందల యాభై ముక్కలు చీరితే
అందులో ఒకటి.

"ఆ చివర గుర్రపునాడాలా ఉందేంటి?"
బయటికెళ్ళే అంచు అది, అక్కడే అన్నిటికన్నా సన్నం.
"ఓ, చివరి బంతికి సాంబారు పలచనైనట్టు."

అప్పుడడిగాను, మిల్లులో వేడెంత అని.
"చెయ్యిపెట్టి మూడు లెక్కపెట్టలేం."
ఆయన మూడుని నేను అరవై ఐదు డిగ్రీలనుకుని
హీటరు తిప్పాను.

వంకాయ రంగు పసుపైంది,
పసుపు పాలిపోయింది.
నేను కంటితో కాచుకుని ఉన్నాను.
ఆయన ఎప్పుడు తీశాడో స్క్రూడ్రైవరు,
నా మిషను ఒంటిమీద ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.

"తగిలింది" అన్నాడు.

లేదే, అనబోయాను.
నాడా అంచున ఒక నల్లచుక్క.
పక్కన ఇంకొకటి.

నోటుబుక్కులో రాశాను:
వేగం, బరువు, వేడి, మందం.
"నా బిగింపులో తప్పులేదని రాస్తావా?"
అది చూడలేదు కదా నేను, అన్నాను.
నొచ్చుకోలేదు. "నిజమే" అన్నాడు.
ఆయన వేలిముద్ర పేజీ అంచున మిగిలింది.
దాని మందం ఎవరూ అడగలేదు.

నన్నొకసారి విననిమ్మన్నాను.
పిడి ఎముకకి ఆనించి ఊపిరి బిగపట్టాను.
నా జుట్టు గీరుకునే చప్పుడు తప్ప
ఏమీ తెలియలేదు.

"వింటా ఉండు" అన్నాడు నాగుల్‌మీరా.
"సీసా మాత్రం ఇచ్చెయ్యమ్మా.
ఓనరుకి చూపించాలి."