వాసన

కర్నూలు పెద్దాసుపత్రి నర్సింగ్ స్కూల్లో
చేతులు కడగడమే మొదటి పాఠం.
గోడ మీద పటం, దాన్లో ఏడు బొమ్మలు.
పదకొండేళ్ళు ఆ పటాన్నే చదివి వినిపించాను:
అరచేయి, వెనకచేయి, వేళ్ళ సందులు, బొటనవేలు...
పిల్లలు తలూపేవాళ్ళు.
వార్డులోకి పోగానే కుళాయి కింద
తడిపీ తడపనట్టు తడిపి వచ్చేసేవాళ్ళు.

ఆ ఏడు కోసిగి నుంచి ఉరుకుందమ్మ వచ్చింది.
పరీక్షల్లో ఎప్పుడూ వెనకే.
'స్టెరిలైజేషన్' అనబోతే నాలుక మడతపడేది.
సింకు దగ్గర నిలబడిందంటే మాత్రం కదిలేది కాదు,
వెనక వరసంతా విసుక్కునేది.
కడిగి, మళ్ళీ కడిగి,
ఆఖర్న వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని
వాసన చూసుకునేది.

"ఏం వాసనే అది?" ఒకరోజు కసురుకున్నాను.
తల దించుకునే చెప్పింది.
"గుంటూరు దిక్కు సుగ్గికి పోతాంటిమి మ్యాడం.
దినమంతా మిరపకాయలు కోసి గుడారానికొస్తే
చెల్లి ఏడుస్తా ఉండె.
ఎత్తుకుని కండ్లు తుడిచినా.
రేతిరంతా అరిచింది మ్యాడం, ఊపిరి తిప్పుకోకుండా.
చేతులు కడుక్కోలేదా అని మాయమ్మ కొట్టింది.
కడుక్కునే ఉన్నా.
అప్పట్నుంచి
వాసన పోయిందాకా నీళ్ళను నమ్మను."

ఆ పూట పటం వైపు చూడబుద్ధి కాలేదు నాకు.

తర్వాతి బ్యాచికి మిరపకాయలతోనే మొదలుపెట్టాను,
ఆమెనడిగే.
"నా పేరు చెప్పినా ఏం కాదులే మ్యాడం,
చెల్లి పేరు చెప్పాకండి" అంది.
ఇప్పటిదాకా చెప్పలేదు.

ఉరుకుందమ్మ ఆలూరు పక్కన ఏదో పీహెచ్‌సీలో ఉందిప్పుడు.
ఉగాదికొక మెసేజి పెడుతుంది,
అందులోనూ తప్పులే. దిద్దను.

నిన్న రాత్రి రెండింటప్పుడు
పసిపిల్లల వార్డుకి రౌండుకెళ్ళాను.
మొదటి సంవత్సరం పిల్ల, షంషాద్,
నందికొట్కూరులో వాళ్ళ నాయనది గాజులంగడి,
మిరపచేను గట్టు కూడా తొక్కి ఉండదు.
మోకాలి ఆపరేషనుకి సెలవు పెట్టి
ఈ ఏడు ఆ కథ నేను చెప్పనేలేదు.

మోచేత్తో కుళాయి కట్టేసింది.
తొట్టిలో బిడ్డ కెవ్వుమంటోంది.
"వస్తి వస్తి" అంటూనే
ఒక్క క్షణం ఆగి
వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఎవరిని చూసి నేర్చుకుందో,
వాళ్ళు ఎవరిని చూశారో.

చప్పుడు చేయకుండా వెనక్కొచ్చేశాను.
మెట్ల దగ్గర, ఎవరూ లేనప్పుడు,
నేనూ చూసుకున్నాను.
సబ్బు వాసన.