ఆధారాలు లేవు

బెండిగోలో జూలై. నేల మీద మంచు ఇంకా విరగలేదు.
మందుల షాపు షట్టర్ ఎత్తేసరికే
గుమ్మంలో నోరీన్,
చేతిలో లేబుల్ లేని సీసా.

మొగుడు కాచిన నూనె అట.
మాలీ పొదలు కొట్టి, గుంటలో కూరి, ఆవిరి పట్టి
చలికాలాలన్నీ పొగలో నిలబడి తీసిన నూనె.
మనిషి పోయి పదకొండేళ్లు.
సీసాలో ఇంకా నాలుగు వేళ్ల ఎత్తుంది.

"ఇది ఒంటికి బలమిస్తుందా అమ్మాయ్?
రోగాల్ని రానివ్వదంటారు?"

నా కోటు మీద పేరుంది, పేరు కింద చదువుంది.
ఆ చదువు చెప్పమన్నదే చెప్పాను:
తాగకండి.
చంటిపిల్లల ముఖం దగ్గరికి తేకండి.
రోగనిరోధక శక్తి పెంచుతుందనడానికి
ఆధారాలు లేవు.
ఫ్లూ టీకా ఉంది, కూర్చోండి, వేస్తాను.

స్వెటర్ చెయ్యి పైకి లాక్కుంటూనే
ఆవిడ మూత తీసింది.
షాపంతా నీలగిరి తైలం.

నీలగిరి!
పుట్టింది ఈ నేల మీదే ఈ చెట్టు.
ఎప్పుడో ఓడెక్కి వచ్చి, మా కొండెక్కి,
కొండ పేరే పెట్టేసుకుని
మా గూట్లో జండూబామ్ పక్కన చేరింది.
ఇక్కడ ఆ పేరుతో పిలిస్తే పలకదు.

నిన్న రాత్రి మావాడికి ముక్కు దిబ్బడ.
ఈ చదువుకున్న చేతులతోనే
పెనం మీద వాము వేయించాను,
పాత పంచె పీలికలో మూట కట్టాను,
నా చెంపకి ఆనించి వేడి చూసుకుని
వాడి వీపు మీద అద్దాను.
వసకొమ్ము మాత్రం డబ్బాలోంచి తియ్యలేదు,
దాని గురించి చదివిన కాగితమొకటి గుర్తొచ్చి.
మా మేనత్త ఉంటే మూతి మూడు వంకర్లు తిప్పేది.
మూట చల్లారేలోగా వాడు నిద్రపోయాడు.
వాము వల్లనా, చెయ్యి వల్లనా,
ఏడ్చి ఏడ్చి అలిసిపోయా —
నన్నడక్కండి.

సూది తీసి దూది అద్దాను.
పదిహేను నిమిషాలు కదలకూడదు, రూలు.
కుర్చీలో కూర్చుని నోరీన్
సీసా ముక్కుకి ఆనించుకుంది,
అద్దాలు అదిరేలా తుమ్మింది.

"చిరంజీవ!"
ఎనభై మూడేళ్ల మనిషికి
నోటికి అదే వచ్చింది నాకు.

ఏమన్నావంది.
ఎప్పటికీ ఉండమన్నాను, అన్నాను.
పనిచేస్తుందా అంది.

కోటు సర్దుకున్నాను.
"రెండో తుమ్ముకి నూరేళ్లు ఇస్తాం మేము."

పదిహేడు, అని వేళ్ల మీద లెక్కేసుకుని
నోరీన్ సీసా మూత మళ్లీ తీసింది.