నాలుగంగుళాలు

గేటు దాటుతున్నప్పుడే తెలిసిపోయింది:
బండి ముక్కు ఇటు, చూపు అటు.
స్టీరింగుని పదకొండు గంటల దగ్గర పట్టుకుని
తిన్నగానే వస్తున్నాననుకుంటున్నాడు
అందేర్ గొయెనెచె.

"బావమరిదీ నేనూ ఎత్తేశాం," అన్నాడు దిగుతూనే.
షెడ్డులో, రెండు జాకీలు, ఒక పెట్టె బీరు,
కొత్త స్ప్రింగులు, పొడుగు షాకులు.
"నాలుగంగుళాలు!"
కొడుక్కి మీసాలొచ్చినట్టు చెప్పాడు.

నెవాడాలో ఈ మూల ఏ పికప్పూ
కంపెనీ ఇచ్చిన ఎత్తులో ఉండదు.
మార్చిలో గొర్రెల మకాం దాకా దారి
సగం మంచు, సగం బురద,
మధ్యలో రాయిలా గడ్డకట్టిన గాడి.
పొట్ట తగిలిందా, ఆ రాత్రి అక్కడే.
అందుకని ఎందుకెత్తావని అడగను.
ఎత్తాక ఏం మరిచావని అడుగుతాను.

ముందు టైరుని అరచేత్తో నిమిరాను.
బయటి అంచు కొత్త బడిపిల్లాడు.
లోపలి అంచు బట్టతల.
రెండు వేల మైళ్ళకే.
రబ్బరు అబద్ధమాడదు, మనుషులాడతారు:
"కొంచెమే లాగుతోంది, గాలికేమో."

మలుపు తిరిగాక చక్రం
తనంతట తాను నడిమికొస్తోందా?

ఆలోచించాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.
"నేనే తెస్తున్నా."

కిందికి దూరాను.
నేల విడిచి సాము చేస్తే నేల ఊరుకుంటుందా?
ఒళ్ళు పైకి పోయింది, అడ్డకడ్డీ అదే పొడుగు,
అది ఇరుసుని ఎడమకి లాక్కుపోయింది.
చక్రాలు రెండూ పాదాలు ఎడం చేసి నిలబడ్డాయి
ఫోటోకి నిలబెట్టిన పిల్లాడిలా.
ఇక వెనక్కి కాస్త వాలి ఉండాల్సిన ఆ వాలు,
మీటరు మీద వెంట్రుకవాసి, రోడ్డు మీద ప్రాణం,
అదే పోయింది.
వాలు పోతే బండికి మతిమరుపు.
తిన్నగా అంటే ఏమిటో ప్రతి గజానికీ
ఎవరో ఒకరు చెబుతుండాలి.

తెర మీద అంకెలన్నీ ఎర్రగా.
వాటిని రాసినాయన
ఎక్కడో చదును ఊళ్ళో కూర్చుని
ఈ బండి పుట్టిన ఎత్తులోనే పోతుందని నమ్మి రాశాడు.

కొత్త అడ్డకడ్డీ వేశాను, కింది చేతులు మార్చాను,
తుప్పు పట్టిన నట్టు ఒకటి నా తల్లినీ నన్నూ తిట్టించింది.
సాయంత్రానికి అంకెలు పచ్చబడ్డాయి.
హైవే మీద చేతులొదిలి చూశాను,
ఒకటి, రెండు, మూడు, తొమ్మిది దాకా లెక్కపెట్టాను.
గీత దాటలేదు.

ఇంతలో కొట్టు గుమ్మంలోంచి లేచింది ఛాకూర్.
వాళ్ళ తాతల బాస్క్ భాషలో కుక్క అని అర్థమట,
కుక్కకి కుక్క అనే పేరు.
పదమూడేళ్ళది. తలుపు కిందికి వచ్చి
సీటు వైపు చూసింది.
ముందుకాళ్ళు ఎత్తబోయి దించింది.
కూర్చుంది.

అందేర్ నా వైపు చూడలేదు.
ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి తొడల కింద వేసి
మూటలా ఎత్తి లోపల పెట్టాడు.
అది మొహం అటు తిప్పుకుంది.
"అలవాటు పడుతుందిలే."

ఆ కొలతకి నా యంత్రంలో గడి లేదు.
నేనేం అనలేదు.

ఏప్రిల్ మూడో వారం, మళ్ళీ అదే బండి.
తిన్నగానే వచ్చింది, నా పనికి పేరు పెట్టడానికి లేదు.
"రెండంగుళాలు దించాలి," అన్నాడు.
కారణం చెప్పలేదు. గాడి గురించి ఏదో గొణిగాడు.

దించితే లెక్కలన్నీ మళ్ళీ మొదటికి.
వాలు మళ్ళీ, ఇరుసు మళ్ళీ, పాదాలు మళ్ళీ.
సగం ఎత్తుకి సగం ధర అనుకున్నాడు పాపం.
కాదన్నాను. పూర్తిగా తీసుకున్నాను.

వెళ్ళేటప్పుడు తలుపు తీసి
పక్కకి తప్పుకుని నిలబడ్డాడు, చేతులు జేబుల్లో.
మొదటి గంతు తప్పింది.
గోళ్ళు గీరిన చప్పుడు.
రెండో గంతుకి
నేను బిల్లు మీద తల ఎత్తకుండా
తేదీని రెండుసార్లు రాశాను.