జానెడు పసుపుపచ్చ

ఈ ఎండదేశంలో ఉన్ని ఎవురికమ్మే అని
మా చెల్లెలు ఫోన్లో పకపకా నవ్వింది.
దానికేం తెల్సు,
ఈ ఇండ్లల్లో ఏసీలు గోడలకు చలిజరం తెప్పిస్తాయని,
జనవరిలో జహ్రా దాటి గుడారమేస్తే
ఇసుక కూడా పండ్లు కొరుకుతాదని.

మా యుమ్మా పొద్దస్తమానం అల్లతానే ఉంటాది.
ఎనబై ఏండ్లు. పేరు హెస్సా.
పేరు పెట్టి పిలిసేటోళ్ళు ఎవురూ మిగల్లేదు.
ఉండలో ఇంకా బారెడు ఉండంగానే
తుంచి నా దిక్కు ఇసిరేస్తాది:
"ఖల్లీ వల్లీ."
పోతే పోనీలే, అని దానికి అర్థం.
సద్దన్నానికీ అదే మాట, సచ్చిన బొద్దింకకీ అదే మాట,
పోయిన్నెల నా సెలవు సంగతి ఎత్తితే
ఇంటి మామా అనిందీ అదే మాట.

నేను మాత్రం ఏరుకున్నా.
నిడో డబ్బాలో దాసి పెట్టినా.
బారెడు నీలం, రెండు మూరల దానిమ్మరంగు,
మూరకు తక్కువ సిలకపచ్చ,
జానెడు పసుపుపచ్చ.
రాయచోటి బస్టాండులో కనకాంబరాలు కొలిసినట్టు
మోచేతికాణ్ణించి కొలిసి కొలిసి.

నేర్పింది మారిసెల్, పక్కింటి ఫిలిప్పీను పిల్ల.
చెత్తడబ్బాల కాడ నిలబడి, రోజుకు పది నిమిషాలు.
దాని మాట నాకు రాదు, నా మాట దానికి రాదు.
ఇద్దరికీ వచ్చింది ఇంటోళ్ళ లెక్క ఒకటే:
వాహెద్, ఇత్నేన్, తలాతా.
గొలుసు తప్పితే మాత్రం
అది దాని బాసలో తిట్టుకుంటాది, నేను నా బాసలో.

నాకుండేది ఒకటే తాళంచెవి, ట్రంకుపెట్టెది.
మొదట దానికి మూడు రంగుల తోక.
తర్వాత అకామా కార్డుకు సంచి.
ఆ తర్వాత రెడ్డెమ్మ సూట్‌కేసు పిడికి పట్టీ.
ఆయమ్మకు సదువు రాదు. మద్రాసు ఏర్‌పోర్టులో
తిరిగే పట్టా మింద అన్నీ నల్లపెట్టెలే.
పోయినసారి ఎవురిదో ఈడ్సకపోయి
ఊర్లో ఇప్పి సూస్తే అన్నీ మొగోళ్ళ బూట్లంట.

సత్యవేణిది గోదారి పక్క.
క్లోరెక్సుకు ఏళ్ళు పగిలి, సబ్బంటే బయపడతాది.
రాత్రి తొడుక్కోని పండుకునేకి చేతితొడుగులు అల్లినా.
ఏ రంగూ రెండేళ్ళకు సాలలేదు.
మా అగ్రిమెంటూ రెండేళ్ళే, అదీ సాలలేదు.
బొటనేలు నీలం, సూపుడేలు పచ్చ.
దారమైపోయి ఉంగరమేలు బోసిగా ఇడిస్తే
"బాగుందక్కా, అక్కడేం వద్దులే" అంది.
నేనేమీ అడగలే.

ఇన్ని రంగులంటే ఇన్ని ముళ్ళు.
ముడిని లోపలికి దోపేది కూడా మారిసెలే నేర్పింది.
సూసేటోళ్ళకు రంగులే కనపడతాయి,
ముడి ఒత్తుకునేది తొడుక్కున్నోళ్ళకే.
శుక్రవారం వీడియో కాల్లో
మేమంతా పైపక్కనే సూపిస్తాము.

ఒకనాడు నా నెత్తిపట్టీ కాడ యుమ్మా ఆగింది.
ఏలితో తడిమింది.
ప్రతి రంగూ ఆమె చేతిలోంచి జారిందే.
నీలం మనవడి స్వెట్టరుది, దానిమ్మది పెద్దకూతురి శాలువది.
ఆమెకు గుర్తు లేదు.
ఈ మద్దెన బిడ్డల పేర్లే తారుమారు.
యాడ కొన్యావు, ఎంత, అని అడిగింది.
నేనే అల్లినా అంటే నమ్మలే.
జేబులోంచి పావు దినారు తీసి నా చేతిలో పెట్టి
పట్టీ తన తలకు కట్టుకునింది.
అద్దం కాడికి పోయి శానాసేపు రాలేదు.
నేను నోరిప్పి అడక్కుండా ఈ దేశంలో వచ్చిన డబ్బు
అదొకటే.

పోయిన వారం ఆస్పత్రికి ఎత్తుకపోయేటప్పుడు
కూతురు ఆ పట్టీ ఇప్పబోయింది.
యుమ్మా చెయ్యి ఇదిలించి కొట్టి
"ఖల్లీ" అనింది.
వల్లీ అన్లేదు.
ఒట్టి ఖల్లీ అంటే, ఉండనీ అని.

కుర్చీ కింద సగం అల్లిందేదో ఉండాది,
సూది దాంట్లోనే ఉండాది. నేను ముట్టలే.
డబ్బాలో జానెడు పసుపుపచ్చ.
దేనికీ సాలదు.
మూత గట్టిగా పెట్టి పడుకున్నా.