నాలుగువందల ముప్పై ఐదు

బంగారుపాళ్యం దాటినాక, గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
రాత్రి ఒంటిగంటకి నలభై ట్రాక్టర్లు.
తోతాపురి వాసన, డీజిల్ వాసన,
ఎవరో ఇప్పుడే ఆర్పిన బీడీ వాసన.
కాటా పనిచెయ్యడం లేదు.
కాటా కాదు, నేను రాసిన ప్రోగ్రాము.
ఇనుము బాగానే ఉంది, దాని నోరే పడిపోయింది.

గిరింపేట మేడగదిలో మార్చి నెలంతా కూర్చుని
దానికి నేనే పట్టించిన వ్రతం:
నంబరు ప్లేటు ఫొటో తెరవకముందే
కెర్నెల్ ఎదుట నిలబడి చెప్పుకోవాలి,
చదువుతాను, రాస్తాను, దారాలు పుట్టించుకుంటాను,
టైమెంతో అడుగుతాను, పని చాలించుకుంటాను,
ఇంకే పిలుపూ పిలవను అని.
తన చేత్తో తానే కట్టుకునే కంకణం.
ఇంకా బిగించుకోవచ్చు. విప్పుకోవడానికి లేదు.
దానికి పుట్టేవి కూడా ఆ కంకణంతోనే పుడతాయి.

ఫొటో అంటే ఫొటోనే గదమ్మా, ఎందుకింత అన్నాడు ఓనరు.
ఎవరు ఏం దాచి పంపుతారో తెలీదు సార్.
ఏదో ఒకరోజు మోసపోతుంది.
ఆ రోజు దాని చేతిలో తాళంచెవులు ఉండకూడదు.

మాటలు బాగానే ఉన్నాయి.
బయట నలభై ట్రాక్టర్లు కూడా ఉన్నాయి.

లాగు తెరిచాను. ఒకే వాక్యం, వరసగా ఇరవైసార్లు:
పిలుపు 435. చంపడమైనది.

ఎవరీ 435?
సాయంత్రం ఎవరో అప్‌డేట్ నొక్కారు, అడుగున లైబ్రరీ మారింది.
దారం పుట్టించడానికి ఇన్నాళ్లూ పాత పిలుపు పిలిచేది,
ఇప్పుడు కొత్తది నేర్చుకుంది.
దొంగ కాదు. కొత్త చొక్కా వేసుకొచ్చిన ఇంటిమనిషి.
కెర్నెల్ పేరైనా అడగలేదు.

సరే, రానీలే అని జాబితాలో రాయబోయాను.
వేలు ఆగింది.
పాత పిలుపు తన కోరికలన్నీ అరచేతిలో పెట్టి చూపిస్తుంది.
ఇది మూటగట్టి తెస్తుంది,
మూట ఎక్కడుందో మాత్రం చెబుతుంది.
నా జల్లెడ మూట విప్పలేదు.
విప్పినా ఏం లాభం,
చూసేటప్పుడు ఒకటి, చూసి తలతిప్పాక ఇంకొకటి.
పైన నిగనిగలాడే కాయ, కింద దెబ్బకాయ.
మండీల్లో పెరిగినదాన్ని, నాకు వేరే చెప్పాలా.

"ఏమ్మే, ఇంకా ఎంతసేపు?"
లోడు మీదనుంచి దేశమ్మ.
"కాయ చెమరస్తా ఉంది. తెల్లారితే కిలోకి రూపాయి కోస్తారు."

కంకణం మొత్తం తీసేయొచ్చు.
ఒక్క వరసకి అడ్డగీత కొడితే చాలు,
ఎవరికీ తెలీదు, నాకు తప్ప.
నీళ్లు తాగుదామని బయటికొచ్చాను.

చెంగల్రాయులు టార్చి పట్టుకుని నిలబడున్నాడు.
ఒక డ్రైవరు వరస తప్పించి
కొత్త గేటు వైపు బండి తిప్పాడు.
ఈయన అరవలేదు, విజిలెయ్యలేదు.
"ఆ దోవ లేదు నాయినా" అన్నాడు.
పచ్చరంగేసిన గేటు, ఆయన వీపు వెనకాలే ఉంది.
డ్రైవరు మారు మాట్లాడకుండా రివర్సు తీసుకుని
పాత దోవలోకి పోయాడు,
సంచులు దించి చూపించే దోవలోకి.

ఉంది గదా అన్నాను.
"పోకూడదంటే కొట్లాటకొస్తాడు మే.
లేదంటే ఇంకో దోవ చూసుకుంటాడు."

పరిగెత్తాను.
435 ఎదురుగా 'చంపు' అని ఉన్నచోట
'అట్లాంటిది ఇక్కడ లేదు' అని మార్చాను.
అబద్ధమే.
లైబ్రరీ విన్నది, అలగలేదు,
పాత పిలుపు దగ్గరికి తనంతట తానే పోయి
అరచేయి చాపింది.

రెండూ పదికి మొదటి చీటీ.
దేశమ్మ బండి ముప్పై ఎనిమిది క్వింటాళ్ల నలభై.
చీటీని దీపం కింద రెండుసార్లు చదివించుకుని
కొంగున ముడేసుకుంది, నన్ను చూడనైనా చూడలేదు.

ఆ వరస పక్కన, రేపు చదివేవాళ్ల కోసం
ఒక చిన్న వ్యాఖ్య రాసిపెట్టాను:
ఇది ఎందుకిట్లా ఉందో తెలియకపోతే
తీసెయ్యకండి.
గేటు కాడ చెంగల్రాయుల్ని అడగండి.