గంప కింది అడుగు

గురువారం రాత్రి ఎనిమిదయ్యేసరికి
రాజోలు ఠాణాలో మా నాన్న కలానికి మూత పెట్టేసేవాడు.
రోడ్డుకవతల పలివెల సూర్రావు కాఫీ హోటల్లో
రేడియో వేడెక్కడానికి ఒక నిమిషం పట్టేది.
ఆ నిమిషం ఎవరూ గ్లాసు కింద పెట్టేవారు కాదు.

ఆ నాటకంలో తుపాకులు పేలవు.
భద్రయ్య అనే హెడ్డు దగ్గుతాడు.
సైకిలు స్టాండేసిన చప్పుడు.
కాగితం మీద పాళీ గీరుకుంటుంది.
"నీ పేరు? తండ్రి పేరు? కాపురం ఎక్కడ?"
వాన. తలుపు. మళ్ళీ "నీ పేరు?"
ఒకసారి వారమంతా ఒక తాళంకప్ప గురించే.

చెప్పొద్దూ, నాకు విసుగొచ్చేది.
నాన్న మాత్రం కళ్ళు మూసుకు వినేవాడు,
పక్కవాడి చేలో నీరు సరిగ్గా పారుతుందో లేదో
గట్టు మీద నిలబడి చూసే రైతులా.
ఓ రాత్రి ఉన్నట్టుండి "తప్పు" అన్నాడు.
"పంచనామాకి ఇద్దరుండాలి.
ఒక్కడి చేతే సంతకం పెట్టించేడు."
ఆ రాత్రే బెజవాడ రేడియోకి కార్డు ముక్క రాశాడు.

జవాబు రాలేదు.
మూడో వారం భద్రయ్య దగ్గి, ఆగి,
"రెండో సాక్షేడయ్యా?" అన్నాడు.
హోటలంతా నాన్న వైపు తిరిగింది.
సూర్రావు ఆ పూట టీ డబ్బులొద్దన్నాడు.
లెక్క లెక్కేనంటూ నాన్న బల్ల మీద పెట్టొచ్చాడు.

వరద తీసిన భాద్రపదంలో
లంకలో ఆయిలింజను పోయింది.
కొల్లు వీరరాఘవులు గారిది, అయిదు హార్సుపవరు.
ఆదివారం గనక నేనూ వెంటపడ్డాను.
లోవరాజు పడవ దిగేసరికి మిట్టమధ్యాహ్నం.

షెడ్డు చుట్టూ కొబ్బరితాడు కట్టేశారు.
లోపలికి ఎవరూ అడుగెయ్యలేదు,
ఇంజను గలాయన కూడా.
ఒండ్రులో ఒకే అడుగట. దాని మీద బోర్లించిన గంప,
గంప మీద తాటాకు,
పక్కన గొడుగేసుకుని మట్టపర్తి చిట్టెమ్మ.
"రాత్రి చీకట్లో మునసబు గారు గంప మూసేరండి.
వానకి చెరిగిపోద్దని నేను కూకున్నానండి.
పంచాయితీ రేడియోలో హెడ్డు గారు చెప్పేరు కదండీ."
సాక్షులు కూడా సిద్ధం.
కండువాలేసుకుని, బొటనవేళ్ళు కడుక్కుని,
ఒకరు కాదు, ఇద్దరు.

నాన్న నవ్వాపుకున్నాడు.
గంప ఎత్తాడు.

ఎడమ పాదం.
చిటికెన వేలు లేదు.

కొబ్బరి ఒలిచే గునపం మీద పడి
ఆ వేలు తెగిన రోజున
పసుపద్ది కట్టు కట్టిన చేతులేవో
లంకంతటికీ తెలుసు.
ఎవరూ నోరు మెదపలేదు.
చిట్టెమ్మ ఒంగి చూసింది.
చాలాసేపు చూసింది.
గొడుగు మూసింది.

నాన్న దగ్గాడు.
నాకప్పటిదాకా తెలియదు, నాన్నకీ ఆ దగ్గుందని.
పాళీ ఇంకులో ముంచాడు.
"నీ పేరు?"
"తెలుసు కదండీ."
"చెప్పాలమ్మా."
చెప్పింది.
"కొడుకు పేరు?"
పడవ రేవులో తాడు కిర్రుమంటోంది.
"కొడుకు పేరు?"

గురువారం.
భద్రయ్య దొంగని పట్టుకున్నాడు.
వయొలిన్ మోగింది. హోటల్లో చప్పట్లు.
"తప్పు" అన్నాడు నాన్న.
ఎక్కడని సూర్రావు అడిగితే చెప్పలేదు.
ఇంటికొచ్చి కార్డు తీశాడు,
బెజవాడ చిరునామా రాశాడు,
ఇవతలి వైపు తిప్పి
దీపం ఒత్తి రెండుసార్లు సరిచేసి
అలా కూచున్నాడు.
నాకు నిద్రొచ్చేసింది.
పొద్దున చూస్తే కార్డు మీద
"అయ్యా" అని మాత్రం ఉంది.