ఒకటి రెండు చోట్ల

పొద్దున ఎనిమిదిన్నరకి
బేగంపేట ఆవరణలో తెల్ల పెట్టె తలుపు తీస్తాను.
ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే పని.
లోపల నాలుగు థర్మామీటర్లు,
ఒక్కోసారి ఓ బల్లి.
బల్లిని బెదరగొట్టకుండా అంకె చదవడం
కాంటేకర్ సారు నేర్పాడు.
ఊపిరి బిగబట్టి చదవమనేవాడు,
నీ ఊపిరి వేడి కూడా లెక్కలో పడుతుంది, జాగ్రత్త, అనేవాడు.

ఇప్పుడు ఊరంతా ఆ పెట్టె మీద ఊపిరి వదుల్తోంది.
అటు ఫ్లైఓవర్, ఇటు అద్దాల మేడ,
ఏసీల వీపులన్నీ మా వైపే.
పాదరసం అర గీత పైకి జరిగితే
అందులో భూగోళం వాటా ఎంత,
పక్క హోటల్ పొగగొట్టం వాటా ఎంత?
అడిగితే నన్ను పాతకాలం మనిషంటారు.

మే నెలలో టీవీ అమ్మాయి ఫోన్ చేస్తుంది.
"సార్, నిప్పుల కొలిమి అనొచ్చా?"
నలభై రెండు పాయింట్ ఒకటి అనమ్మా, అంటాను.
"చరిత్రలో ఎన్నడూ లేనంత?"
మా రిజిస్టర్లలో ఇంతకు మించిన పేజీలు
చెదలు తినగా మిగిలినవే పదకొండు.
సాయంత్రం చూస్తే తెర నిండా మంటలు,
మంటల మధ్య నా పేరు.
రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని
మా అమ్మమ్మా అనేది.
అంటూనే ఆ పగలని రోట్లో పచ్చడి నూరేది.

మొన్న శ్రావణంలో రెండు గంటల్లో తొమ్మిది సెంటీమీటర్లు.
టోలిచౌకిలో నడుం లోతు నీళ్ళు.
మైకుల ముందు ఒక పెద్దమనిషి
"వాతావరణ మార్పండీ, మన చేతుల్లో ఏముంది" అన్నాడు.
చెరువు శిఖం మీద ప్లాట్లు గీసిన చేతులు ఎవరివి?
నాలా నోటి మీద శ్లాబు పోసినవి?
వెనకటికి మూసీ పొంగి
వేల ప్రాణాలు పట్టుకుపోయిన నాడు
ఈ ఊళ్ళో మోటారు బళ్ళు ఎన్ని?
ఆకాశం మీద కేసు పెట్టడం తేలిక.
అది వాయిదాకు రాదు.

ఆఫీసు ఊడ్చే లింగవ్వ ఇల్లు నాలా పక్కనే.
"నూరేండ్లకు ఏమైతదో నాకెందుకు సారూ,
ఇయ్యాల రాత్రికి
పరుపు మంచం మీద ఉంచాల్నా, అటకెక్కించాల్నా,
గదొక్కటి చెప్పు."
చార్టు చూశాను, రాడార్ చూశాను.
ఒకటి రెండు చోట్ల, తేలికపాటి నుంచి మోస్తరు, అన్నాను.
"ఆ ఒకటి రెండు చోట్లల్ల నా ఇల్లున్నదా?"

ఈ రాత్రి గురించే తడబడే నోరు నాది.
శతాబ్దం చివర గురించి
దశాంశాలతో మాట్లాడేవాళ్ళని చూస్తే
అసూయో, అనుమానమో.
కొత్తగా చేరిన ఫర్హీన్ నవ్వింది.
"ఏ మనిషి ఎప్పుడు పోతాడో చెప్పలేం సార్,
అయినా బీమా కంపెనీ దివాలా తీయదు కదా."
ఆ మాటకి జవాబు ఇంకా వెతుకుతున్నాను.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు.
ఓ రాత్రి డ్యూటీలో
కాంటేకర్ సారు చేతిరాతలోని జనవరి,
నా చేతిరాతలోని జనవరి
పక్కపక్కన పరిచాను.
తెల్లవారుజాము అంకెలు పైకి పాకాయి.
ఊరి ఊపిరేలే అనుకున్నాను.
ఊరు లేని చోటివి, మెదక్ అవతలివి తెప్పించి చూశాను.
అక్కడా చలి కాస్త పల్చబడింది.
కాస్తే.
ఆ కాస్తని కాస్త అనే అంటాను,
మంట అనను.
ఏమీ లేదని కూడా అనలేను, అదే ఇబ్బంది.

సాయంత్రం బెలూన్ వదిలాం.
తెల్లగా ఎగిరి, గింజంతై, మబ్బులో దూరింది.
కనిపించినంత వరకే ఎత్తు రాశాను.
గేటు దగ్గర లింగవ్వ ఆగింది,
చీపురు చంకలో, ఒక చెయ్యి నడుం మీద.
"పరుపు?"
"అటకెక్కించు" అన్నాను.
నా బులెటిన్లో ఆ మాట లేదు.